ఓటు లేనివాడు చేసిన ఓటు బల్ల

నేను ఒక టేకు బల్లను. జైల్లో పుట్టాను, కానీ నా మీద ఏ కేసూ లేదు. పోలింగు కేంద్రాలకు బల్లలు కావాలని సర్కారు వారు జైలు వడ్రంగి షెడ్డుకు పురమాయించారు. ఓటు లేనివాళ్ల చేత ఓటు బల్లలు చేయించాలన్న ఆలోచన ఎవరిదో గానీ, వారికో దండం.

నన్ను చేసినవాడు లోవరాజు. పొలం గట్టు తగాదాలో పార తిరగేసి శిక్ష పడ్డవాడు. బయటికెళ్లాక ఒక్కసారైనా ఓటెయ్యాలని తోటి ఖైదీలతో అంటుండేవాడు. వాళ్లు నవ్వేవారు.

అప్పుడే రాజకీయ నాయకుడు భూపతిరావుగారు జైలుకొచ్చారు. చెరువు భూములు మింగారని కేసు, ఇంకా విచారణలోనే ఉంది. జైలు నుంచే నామినేషను వేశారు. చట్టం అడ్డు చెప్పలేదు. అలవాటు ఊరుకోదు కదా, ఒకరోజు షెడ్డులోకి వచ్చి లోవరాజుకు చేతులు జోడించారు.

"తమ్ముడూ, మన గుర్తు మర్చిపోకు."

లోవరాజు చిత్రిక పట్టడం ఆపాడు. "మాకు ఓటు లేదండి బాబూ. ఇక్కడున్నన్నాళ్లూ మీకూ లేదండి."

పాపం, ఆ సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. అయినా భారీ మెజారిటీతో గెలిచారు, తన ఓటు తనకు పడకుండానే.

తర్వాతి ఎన్నికలకు నన్ను ఓ పల్లెటూరి బడిలో వేశారు. అది లోవరాజు ఊరే. శిక్ష ముగించుకుని వచ్చి వరుసలో నిలబడ్డాడు. అతని వంతు రాగానే భూపతిరావుగారి ఏజెంటు లేచాడు.

"ఈడు జైలుకెళ్లొచ్చినోడండి మేడం. ఈడికి ఓటిత్తే దొంగ చేతికి తాళాలిచ్చినట్టేనండి."

"మీ బాబుగారూ నేనూ ఒకే జైల్లో ఉన్నామండి," అన్నాడు లోవరాజు. "ఆరికి ఒంట్లో బాగుంటుందాండి?"

ఏజెంటుకు ఉన్నట్టుండి దాహం వేసింది. ప్రిసైడింగు అధికారిణి జాబితా చూసి, "శిక్ష అయిపోయింది, పేరుంది, వెయ్యనివ్వండి," అంది.

అతను నా ముందుకొచ్చి ఊరికే నిలబడిపోయాడు. తను చిత్రిక పట్టిన నా అంచును వేళ్లతో తడిమాడు. నాకు ఏడుపొచ్చింది.

"ఏమయ్యా, ఇంకా ఎంతసేపు?" అంది అధికారిణి.

"చాన్నాళ్లయిందండి. కాసేపు నిలబడనివ్వండమ్మా."

తర్వాత మీట నొక్కాడు. ఎవరికి వేశాడో నేను చెప్పను.

ఇప్పుడు కాలు విరిగి ఆ బడి వరండాలోనే గోడకు ఆనుకుని ఉన్నాను. పంతుళ్లు నా మీద టీ గ్లాసులు పెట్టుకుని వాదించుకుంటారు. ఖైదీలకు ఓటిస్తే నేరగాళ్లనే గెలిపిస్తారని వాళ్ల భయం. భూపతిరావుగారు ఈసారీ గెలిచారు. ఖైదీ ఓటు ఒక్కటీ పడలేదు.