కాగితం పూలకు వేసిన ఊదు

ఆ నెలంతా మా నాదియా వేళ్ళను జిగురు వదల్లేదు.

మా ఆయన నిజాముద్దీన్ అరబ్బు దేశంలో, సలాలా ఊరి పక్కనున్న రైసూత్ ఓడరేవులో ఒక జపాను ఇంజనీరుగారి కారు నడిపేవాడు. ఆ ఇంజనీరు భార్య సచికో మేడమ్‌కు పిల్లలు లేరు. స్కూలు వదలగానే మా పదేళ్ళ నాదియాను పిలిపించుకుని, గులాబీ రంగు పల్చటి కాగితాలతో పూలు చేయించేది. వాళ్ళ దేశంలో ఏప్రిల్‌లో చెర్రీ చెట్లు ఆకు కనపడకుండా పూస్తాయట. జనం రాత్రిపూట పార్కుల్లో లాంతర్లు కట్టి, ఆ చెట్ల కింద చాపలేసుకుని తింటారట. సలాలాలో కొబ్బరి, అరటి తప్ప ఆ చెట్టు ఎక్కడిది? అందుకే పార్కు కాపలాదారుణ్ణి అడిగి, ఒక వేపచెట్టుకు ఆ కాగితం పూలు కట్టించింది. తొంభై నాలుగులో సంగతి ఇది.

ఆ చెట్టు కింద రాత్రి విందుకు మాకూ పిలుపు వచ్చింది మొదలు నాకు నిద్ర లేదు.

"మాపటేళ పూలచెట్టు కిందికి ఆడపిల్లను తీస్కపోతావా? జిన్ను కన్ను పడితే ఎవరు దిక్కు?" అంది పక్కింటి ఇక్బాలున్నీసా ఆపా.

మా ప్రొద్దుటూరులో మల్లెపూలు పెట్టుకుని పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళ చెట్టు కిందికి పోయిన పిల్ల మూడు నెలలు మాట్లాడలేదని మా ముసలి నానీ చెప్పేది.

"కాగితం పూలకు యాడన్నా జిన్ను వస్తుందా? వాసనే లేదు గదే," అని నవ్వాడు మా ఆయన.

"చీకట్లో జిన్నుకేం తెలుసు, కాగితమో కాదో!" అన్నాను. తండ్రీ కూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు.

నేను మాత్రం సంచిలో మట్టి ధూపదాని, బొగ్గులు, గుప్పెడు లుబాన్ పెట్టుకున్నాను. మన ఊదు, సాంబ్రాణి లాంటిదే అది.

చెట్టును చూడగానే, అబద్ధం ఎందుకు, నా భయం కాసేపు నేనే మరిచిపోయాను. కొమ్మ కొమ్మకూ పూలే. మధ్యలో కాగితపు లాంతర్లు, వాటిలో కొవ్వొత్తులు. అంతలో నాదియా జడ విప్పుకుని చెట్టు చుట్టూ పరుగెత్తింది. నేను సంచిలో ధూపదాని తడుముకున్నాను.

అందరూ తిండి దగ్గర ఉన్నప్పుడు చెట్టు వెనక బొగ్గులు రాజేశాను. జిన్ను దగ్గరికి రాకుండా చదివే ఆయతుల్ కుర్సీ చదువుతూ చెట్టు చుట్టూ పొగ తిప్పాను. పై కొమ్మ పూలకు కూడా తగలాలని ధూపదాని పైకెత్తాను. నిప్పు తగిలి ఒక్క పువ్వు అంటుకుంది. అంతే, నెల రోజుల పని మంటల్లో భగభగమని కాలిపోయింది.

మగవాళ్ళు నీళ్ళు పోశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను బొగ్గులు ఇసుకలో కప్పి, ధూపదాని సంచిలో దాచాను.

సచికో మేడమ్ ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి నడుము వంచింది. "సారీ, నా లాంతరు, సారీ," అంటూ. నా ముందు కూడా వంగింది. నేను నిజం చెప్పలేదు. ఆమె చేయి పట్టుకుని, "ఏం కాదులే మేడమ్," అని ఓదార్చాను కూడా.

కారులో నాదియా నాకు ఆనుకుని కూర్చుంది. "అమ్మీ, నీ దుపట్టా ఊదు వాసన వస్తాంది."

"ఇంట్లో వేసింటి లేవే," అన్నాను. అది కిటికీ వైపు జరిగి కూర్చుంది.

మరునాడు మేడమ్ మా ఇంటికే వచ్చింది. మిఠాయి డబ్బా రెండు చేతులతో నాదియాకు అందిస్తూ మళ్ళీ వంగింది. పూలు పాడుచేసినందుకు క్షమించమంటోందని, ఆమె ఇంగ్లీషును మా ఆయన తెలుగులో చెప్పాడు.

నాదియా చేతులు వెనక్కి పెట్టుకుంది. "అమ్మీ, నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?"

మా ఆయన నా వైపు తిరిగాడు. ఆయన డ్యూటీ పోతుందేమో, మమ్మల్ని ఇండియాకు పంపేస్తారేమో అని వెయ్యి అనుకున్నాను. ఎన్ని అనుకున్నా, ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోవడం కంటే ఏదీ పెద్దగా అనిపించలేదు. వంటింట్లోకి వెళ్ళి ధూపదాని తెచ్చి మేడమ్ ముందు పెట్టాను. దాని అంచుకు సగం కాలిన గులాబీ రంగు రేకు అంటుకునే ఉంది.

ఆమె ఆ రేకును గోటితో మెల్లగా వలిచి అరచేతిలో పెట్టుకుంది. మిఠాయి డబ్బా నాదియా పక్కన పెట్టి లేచింది.

ఆ రోజు ఆమె ఎవరికీ వంగకుండా వెళ్ళిపోయింది. నేను తలుపు దగ్గర వంగాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.