కప్పు లేని పడుగు

షావుకారు రామచంద్రయ్య ముక్కు మహా సున్నితం. తెల్ల నూలు మీద ఆవగింజంత మచ్చ ఉన్నా గడప అవతలి నుంచే పసిగడుతుంది. గద్వాల శివార్లలో పాత టైర్లు కాల్చి నూనె తీసే ఆయన సొంత ఫ్యాక్టరీ కంపు మాత్రం ఆ ముక్కుకు ఏనాడూ తగల్లేదు.

ఆ రోజు నేతగాళ్లందరూ చూస్తుండగా హన్మమ్మ తెచ్చిన చీరను ఆమె కాళ్ల మీదికి విసిరేశాడు.

"నిండ మసి మచ్చలే. కూలి లేదు. ఇంకొక్కటి గిట్ల తెస్తే నీకు పడుగు బంద్."

షావుకారు ఇచ్చే పడుగు నూలు ఆగితే హన్మమ్మ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు. కొడుకూ కోడలూ తనూ బతికేది ఆ ఒక్క మగ్గం మీదే.

"ఎప్పటిలెక్కనే వాన నీళ్లల్ల గంజి కలిపినం సావుకారీ."

"అయితే నీ ఇంటి కప్పే మురికి. కప్పు ఊడ్సుకునుడు తెల్వనోళ్లకు మగ్గమెందుకు?"

హన్మమ్మకు ఒళ్లు మండింది. అక్కడి బోరు నీళ్లలో రంగు పట్టదు, పప్పు ఉడకదు. అందుకే నేతవాళ్ల వీధికి కప్పు మీది వాన నీళ్లే దిక్కు. మిరుగు కార్తెకు ముందే కప్పు కడిగి, తొలివాన వదిలేసి, ఆ తర్వాతి వానకు తూముకు గుడ్డ కట్టి గోలేలు నింపుకుంటారు. ఈ ఏడు ఆమె రెండుసార్లు కడిగింది. అయినా నీళ్ల మీద నల్లటి తెట్టు తేలింది.

సిగ్గుచేటు ఏమిటంటే, వీధి కూడా షావుకారు మాటే నమ్మింది. అత్తలు కోడళ్లను తిట్టారు, మగవాళ్లు ఇద్దరినీ తిట్టారు. ఎవరి మచ్చ వాళ్లు దాచుకున్నారు. హన్మమ్మ మాత్రం ఆ చీరను తెచ్చి వాకిట్లో దండెం మీద ఆరేసింది. మర్నాటికి వీధిలో పది దండేలు మచ్చల చీరలతో నిండాయి.

అందరూ కలిసి ఫ్యాక్టరీ పొగ మీద ఫిర్యాదు పెడితే ఒక ఆఫీసరు వచ్చాడు. షావుకారింట్లో చాయ తాగి, ఆయనింటి నల్లా నీళ్లే సీసాలో పట్టుకుని, కప్పులు శుభ్రంగా ఉంచుకోండని సెలవిచ్చి కారెక్కాడు. జీతం జనానిది, విశ్వాసం చాయది.

సాయంత్రం వీధంతా కూడింది. పెద్ద నేతగాడు లింగయ్య తల అడ్డంగా ఊపాడు.

"ఆయన పడుగిస్తేనే మన బువ్వ. ఆయనతోని కొట్లాటేంది?"

హన్మమ్మ కోడలు వనజ లేచింది. "బువ్వ ముచ్చటే చెప్తున్న మామా. గా నీళ్లతోనే పప్పు ఉడకబెడుతున్నం. నూలు తెల్లగుంది గనక మచ్చ కనబడ్డది. మన కడుపులల్ల ఎవరు చూస్తున్నరు?"

హన్మమ్మ లేచి కోడలి పక్కన నిలబడింది.

"తప్పు కప్పుదంటుండు గదా. కప్పే లేని తాన మచ్చ చూపిద్దం."

రెండు రోజులకు వీధి పొడవునా నడుమెత్తున షావుకారి తెల్ల పడుగు సాచి గంజి పడుతుండగా జల్లు మొదలైంది. చినుకు పడితే ఉన్నపళాన ఉరికి పడుగు ఎత్తడం ఆ వీధి ధర్మం, పగవాడిదైనా సరే. అందరూ ఉరికివచ్చారు. హన్మమ్మ గంజి కుంచె పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఎత్తకుండ్రి."

లింగయ్య చేతులు రెండుసార్లు ముందుకు పోయి వెనక్కి వచ్చాయి. జల్లు వెలిసేసరికి తెల్ల నూలంతా నల్లటి చుక్కలు. పైన కప్పు లేదు, ఆకాశమే ఉంది.

షావుకారు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"ఇప్పుడు ఎవరింటి కప్పు మురికి సావుకారీ?" అంది హన్మమ్మ.

"నా నూలు కరాబు చేసింది. ఎక్కించుండ్రి."

ఆమెను జీపు ఎక్కించారు. లింగయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. "నేను గూడ ఎత్తలే సార్," అన్నాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు. జీపులో జాగా చాల్లేదు. చట్టానికి వచ్చిన చిక్కల్లా అదొక్కటే.

జీపు కదులుతుంటే హన్మమ్మ వెనక్కి చూసింది. మళ్లీ మబ్బు కమ్ముతోంది. వనజ ఇంట్లోని పడుగు తెచ్చి వీధిలో సాచి కడుతోంది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు కూడా తెస్తున్నారు. అంతా షావుకారి నూలే.

"పొగ బందైతేనే ఎత్తుతం," అంటోంది వనజ.

వీధిలో ఎవరూ తలెత్తి మబ్బును చూడలేదు. షావుకారు ఒక్కడే నడి వీధిలో మెడ పైకెత్తి చూస్తూ నిలబడ్డాడు.