హొయాన్‌లో కుట్టించిన జాకెట్టు

వియత్నాంలోని డనాంగ్ విమానాశ్రయంలో పెట్టెలు తిరిగే పట్టీ మీద నుంచి ఎర్ర సూట్‌కేసుని లాగింది ఆశాజ్యోతే. "ఇదేగా నీది? పదవే, కారు వచ్చేసింది" అంటూ తోసుకుపోయింది. రత్నమాణిక్యం కూడా ఓసారి చూసింది. అదే ఎరుపు, అదే సైజు. ఇంకేం చూడాలిలే అనుకుని వెనకే నడిచింది.

హొయాన్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళ బస. హోటలు గదిలోకి వెళ్ళి తాళంచెవి తీసేసరికి ఆ పెట్టెకి తాళమే లేదు. జిప్పు లాగితే లోపల వరసగా మగవాళ్ళ బూట్లు. రంగుకొకటి చొప్పున ఉన్నాయి. మాణిక్యం వాటిని తీసి మంచం మీద పేర్చింది.

"అన్నీ ఎడమకాలివేంటే!"

"శాంపిల్సు అయ్యుంటాయి. ఎవరో బూట్ల కంపెనీ ఆయన పెట్టె" అంది జ్యోతి, గొంతు తగ్గించి.

"మరి నా చీరలో?"

జ్యోతి ఫోనందుకుంది.

ఇద్దరూ రామచంద్రపురం కాలేజీలో ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళు. మాణిక్యం ద్రాక్షారామం పక్క పల్లెలో వరి పండించే ఇంటికి కోడలుగా వెళ్ళింది. జ్యోతి రాజమండ్రిలో ఇంగ్లీషు టీచరై మొన్నీమధ్యే రిటైరైంది. పిల్లల పెళ్ళిళ్ళకీ, క్రిస్మస్‌కీ ఒకరింటికొకరు వెళ్తూనే ఉన్నారు గానీ, మనిద్దరమే ఎక్కడికైనా పోదామన్న మాట మాటగానే ఉండిపోయింది. చివరికి జ్యోతే ఫోన్లో వెతికి, వియత్నాం టిక్కెట్లు కొనేసి, ఆ తరవాత చెప్పింది. మాణిక్యం భర్త సత్యనారాయణగారు "వెళ్ళిరా, ధాన్యం సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

విమానాశ్రయం వాళ్ళతో చాలాసేపు మాట్లాడి జ్యోతి ఫోను పెట్టేసింది. "ఆ బూట్లాయన నీ పెట్టె పట్టుకుని వేరే ఊరు వెళ్ళిపోయాడట. కబురు పెట్టారట. తిరిగొచ్చేటప్పుడు తెస్తాడట."

"ఎప్పుడొస్తాడట?"

"త్వరలోనేనట."

ఆ రాత్రి భోజనంలో ఇంకోటి జరిగింది. బల్ల మీదున్న చేపల సాసు గిన్నెని జ్యోతి మోచెయ్యి తగిలించి ఒలకబోసింది. అది నేరుగా మాణిక్యం ఒంటి మీదున్న ఒకే ఒక్క జాకెట్టు మీద పడింది. గదికొచ్చి సబ్బు పెట్టి ఉతికింది. బయట పట్టిన ముసురుకి అది ఆరిందీ లేదు, వాసన పోయిందీ లేదు. తెల్లారేసరికి గదంతా ఎండుచేపల కొట్టులా ఉంది.

"ఫొటోల కోసం పట్టుచీర తెచ్చుకున్నాగా, అది కట్టుకో" అంది జ్యోతి.

చీరకేం, ఎవరికైనా సరిపోతుంది. జ్యోతి జాకెట్టు మాత్రం మాణిక్యం మోచెయ్యి దాటి పైకెక్కలేదు.

"నువ్వు మనిషివా, కొబ్బరీనెవా?" అంది మాణిక్యం విసుగ్గా. నిజానికి నిన్నటి నుంచి ఆమెకి లోపల కోపంగానే ఉంది. పెట్టె లాగిందీ ఇదే, సాసు పోసిందీ ఇదే. కానీ జ్యోతి ముఖం చూస్తే పరీక్ష తప్పిన పిల్లలా ఉంది.

మిగిలింది జ్యోతి నైటీ. నైటీకి కొలతల బాధ లేదు. ఊళ్ళో భుజాన తువ్వాలు లేకుండా నైటీతో గేటు దాకా కూడా రాని మనిషి, మీద ఓ చున్నీ వేసుకుని, తలొంచుకుని హోటల్లో టిఫిను బల్ల దగ్గరికొచ్చింది. ఎవరూ వింతగా చూడలేదు. పైగా కాఫీ తెచ్చిన అమ్మాయి ఆగి, నవ్వి, ఏదో అంది.

"నీ డ్రెస్సు చాలా బావుందంటోందే" అంది జ్యోతి.

"డ్రెస్సా? దీనికి రెండు గుండీలు కూడా లేవు!"

అప్పుడే సత్యనారాయణగారు వీడియోలో ఫోను చేశారు. "ఏంటి మాణిక్యం, ఒంట్లో బాగాలేదా? నైటీతో ఉన్నావు?"

"ఇక్కడ దీన్ని డ్రెస్సంటారండి" అని చెప్పి, ఆయన ఇంకేమైనా అడిగేలోపు ఫోను జ్యోతికిచ్చేసింది.

హొయాన్‌లో ఏ వీధిలో చూసినా టైలరు కొట్లే. ఉదయం ఇస్తే సాయంత్రానికి కుట్టిచ్చేస్తారని పేరు. నది ఒడ్డున పసుపురంగు గోడల కొట్టొకటి చూసుకుని ఇద్దరూ వెళ్ళారు. గుమ్మంలో ఉండగానే జ్యోతి "కాఫీ తెస్తానుండు" అని పక్క వీధిలోకి వెళ్ళింది. కొట్లో హోవా అనే నడివయసావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. మాణిక్యానికి ధైర్యం వచ్చింది. జాకెట్టు ఇంగ్లీషు మాటే కదా, దానికి జ్యోతి ఎందుకు?

"జాకెట్! జాకెట్!" అంది ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని.

హోవా ముఖం వెలిగింది. లోపలికెళ్ళి, బొంతలా ఉన్న దళసరి చలికోటు తెచ్చి మాణిక్యానికి తొడిగి, మెడ దాకా జిప్పు లాగింది. ఇక్కడ కొలతలు ఇలా తీస్తారేమోననుకుని మాణిక్యం కదలకుండా నిలబడింది. చెమట చెంపల మీదుగా కారుతోంది. హోవా ఇంకా పొడుగు కోటొకటి, బొచ్చు కాలరుది ఇంకోటి తెచ్చింది. సరిగ్గా అప్పుడు జ్యోతి రెండు చేతుల్లో రెండు గ్లాసులతో లోపలికొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయి, కాఫీ ఒలికిపోయేలా నవ్వింది.

"బ్లౌజనాలే పిచ్చిదానా!"

"మనం జాకెట్టనేగా అంటాం? అది ఇంగ్లీషు కాదా?"

"ఇంగ్లీషే. వీళ్ళ ఇంగ్లీషు కాదు."

తీరా జ్యోతి బ్లౌజంటే హోవా కుచ్చుల చొక్కా తెచ్చింది. కాగితం మీద బొమ్మ గీస్తే అది బనీనులా వచ్చింది. చివరికి జ్యోతి హోటలుకి పరిగెత్తి తన జాకెట్టే తీసుకొచ్చింది. హోవా దాన్ని వేళ్ళతో పట్టుకుని, మాణిక్యం వంక చూసి, మళ్ళీ దాని వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. మాణిక్యానికీ నవ్వొచ్చేసింది. చిలకాకుపచ్చ పట్టుగుడ్డ ఒకటి ఏరుకుని, ముందు హుక్సులు, వెనక కాస్త దింపు మెడ అని చేతులతో చూపించింది. అన్నింటికీ హోవా "ఓకే, ఓకే" అంది.

బయటికొచ్చాక జ్యోతి నిట్టూర్చింది. "అన్నింటికీ తలూపిందంటే ఒక్కటీ అర్థం కాలేదన్నమాట. నా క్లాసులో ముప్పై ఏళ్ళు చూశా."

సాయంత్రం దాకా చెయ్యడానికి పనేమీ లేదు. వానకి ఓ చూరు కింద ప్లాస్టిక్ ముక్కాలిపీటల మీద కూర్చుని, అడుగున చిక్కటి తియ్యపాలు, పైన చేదు డికాషను ఉన్న ఐసు కాఫీ తాగారు. పక్కనే ఓ ముసలావిడ ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు అమ్ముతోంది. వంట లేదు, ఎవరికీ కంచం పెట్టక్కర్లేదు. వానలో తడుస్తున్న వీధిని చూస్తూ మాణిక్యం రెండో పొట్లం కొనిపించుకుంది.

"నా మీద కోపం పోయిందా?" అంది జ్యోతి.

"మామిడికాయ తినేటప్పుడు కోపం గుర్తుండదే. తరవాత చూద్దాం."

సాయంత్రం కొట్టుకెళ్ళేసరికి జాకెట్టు సిద్ధంగా ఉంది. దింపు మెడ లేదు, ముందు హుక్సులూ లేవు. గొంతు దాకా నిలబడే కాలరు, మెడ నుంచి చంక కిందికి ఏటవాలుగా గుడ్డతో చేసిన చిన్నచిన్న గుండీలు, మోచెయ్యి దాకా చేతులు.

"మెడదాకా మూసేసిందేంటే! నేనేమన్నా పోలీసునా?" అంది మాణిక్యం.

"ఒక్కసారి వేసుకు చూడు."

తెర వెనకాల వేసుకుంది. చంక దగ్గర పట్టలేదు, భుజం దగ్గర జారలేదు. ఒంటిని అడిగి కుట్టినట్టుంది. మీద, హోటలు నుంచి వెంట తెచ్చుకున్న జ్యోతి పట్టుచీర చుట్టి, కుచ్చిళ్ళు దోపి, పైట సర్దుకుని అద్దం ముందుకొచ్చింది. ఆ నిలువు మెడకి తల దానంతటదే నిటారుగా నిలిచింది. తనేనా అనిపించింది. జ్యోతి ఆమెని పైనుంచి కిందిదాకా చూసి, "ఫొటోలకి ఆ చీర నీ దగ్గరే ఉంచుకో" అంది.

పక్క కొట్ల ఆడవాళ్ళు కూడా మూగారు. కుచ్చిళ్ళు ఎలా నిలబడ్డాయో హోవాకి అంతుపట్టలేదు. ఊడదీసి చూపించమని సైగ చేసింది. మాణిక్యం చీర విప్పి, హోవా ప్యాంటు మీదే కట్టింది. హోవా రెండడుగులు వేసేసరికి కుచ్చిళ్ళన్నీ కాళ్ళ దగ్గర కుప్పపడ్డాయి. కొట్టంతా ఘొల్లుమంది.

మర్నాడు పొద్దున్నే బూట్లాయన స్వయంగా హోటలుకొచ్చాడు. వంగివంగి క్షమాపణ చెప్పి, పెట్టె అప్పగించి, తన ఎడమకాలి బూట్లన్నీ చూసుకుని గుండెల మీద చెయ్యేసుకున్నాడు. తరవాత మొహమాటంగా ఇంగ్లీషులో ఏదో చెప్పి, నాలుక చూపించి, చేత్తో విసురుకున్నాడు.

"ఏమంటున్నాడే?"

"ఎవరి పెట్టో తెలుసుకుందామని తాళం ఊడదీసి తెరిచాట్ట. నీ ఆవకాయ సీసా చూసి జామ్ అనుకుని స్పూనుతో తిన్నాట్ట."

మాణిక్యం కంగారుగా మంచినీళ్ళ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను తల అడ్డంగా ఊపి, కొంచెం ఆగి, ఇంకాస్త పెడతారా అన్నట్టు ఆవకాయ సీసా వైపు వేలు చూపించాడు. సగం ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో సర్ది ఇచ్చింది.

పెట్టెలో చీరలూ, వాటికి జతయిన జాకెట్లూ ఇస్త్రీ మడతల్లో అలాగే ఉన్నాయి. మాణిక్యం వాటిలోంచి నేతచీర ఒకటి తీసి, ఆకుపచ్చ జాకెట్టు మీదే కట్టుకుని బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం నీళ్ళలోనే పెరిగే నీటికొబ్బరి తోపుల్లో, బుట్టలాంటి గుండ్రటి వెదురుపుట్టి ఎక్కారు. తెడ్డు వేసే పెద్దాయన, పాట పెట్టుకుని, ఉన్నట్టుండి పుట్టిని గిరగిరా తిప్పడం మొదలెట్టాడు. "ప్రభువా, ప్రభువా" అంటూ జ్యోతి కళ్ళు మూసుకుని మాణిక్యం చెయ్యి గట్టిగా పట్టుకుంది. నీళ్ళు, ఆకులు, ఆకాశం అన్నీ కలిసి చుట్టూ తిరిగాయి. పుట్టి నెమ్మదించింది.

"అయిపోయిందా? ఇంక దిగిపోదామే" అంది జ్యోతి కళ్ళు తెరవకుండానే.

మాణిక్యం చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుని, పెద్దాయన వైపు తిరిగి, వేలు గాల్లో గుండ్రంగా తిప్పి చూపించింది.

"ఇంకోసారి తిప్పండి బాబూ" అంది.