పందెంలో పెట్టిన కుర్చీ

మా అక్క రోస్లిన్ ఇంట్లో క్రిస్మస్ భోజనానికి పదకొండేళ్లుగా నా చోటు పిల్లల బల్ల దగ్గరే. పెద్ద బల్ల చుట్టూ పది కుర్చీలుంటాయి. వాటిలో జంటలు జంటలుగా కూర్చుంటారు. నాకోసం గరాజ్‌లోంచి ఒక మడత కుర్చీ తెస్తారు. అది మా బావ గ్రాంట్ చేపలు పట్టడానికి పట్టుకెళ్లే కుర్చీ, ఎంత కడిగినా ఎర వాసన పోదు. యాభై ఒక్క ఏళ్ల ఆడమనిషిని, ముగ్గురు పిల్లల మధ్య కూర్చుని వాళ్లకు రొయ్యలు ఒలిచి పెడుతుంటాను. పిల్లలంటే నాకేం కోపం లేదు. స్కూలు బస్సు నడుపుతాను, రోజూ నలభై మందిని మోస్తాను. సెలవు రోజున కూడా వాళ్ల మధ్యే కూర్చోమని రాసిపెట్టింది ఎవరని మాత్రం నా ప్రశ్న.

పోయినేడు మా అక్క కూతురు టెగన్ ఒక కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. నాలుగు నెలల పరిచయం. ఆ కుర్రాడు వచ్చీ రాగానే పెద్ద బల్ల దగ్గర కూర్చుని, నా ముందు నుంచి సాస్ సీసా తీసుకెళ్లాడు. ఈస్టర్ కల్లా ఇద్దరూ విడిపోయారు.

పెళ్లి నాకు రెండుసార్లు దగ్గరదాకా వచ్చింది. రెండుసార్లూ ఆపింది నేనే. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. పాపం అన్నట్టు నా భుజం తడతారు. ఆ తట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నవంబరులో అక్క నాకో తోడు వెతకాలని పట్టు పట్టింది. టెగన్ నా ఫోన్ లాక్కుని ఒక డేటింగ్ యాప్ ఎక్కించింది. మాది దక్షిణ ఆస్ట్రేలియా యార్క్ ద్వీపకల్పంలో చిన్న ఊరు. అరవై కిలోమీటర్ల లోపు అని పెడితే తొమ్మిది మంది మగాళ్లు కనబడ్డారు. అందులో ఇద్దరు మాకు వరసకి అన్నదమ్ములు. ఒకాయన మా కుక్కకి ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చిన పశువుల డాక్టరు. మిగతా వాళ్లలో ఐదుగురు చేతిలో చేప పట్టుకుని ఫొటో దిగారు.

"ఇంతమందిలో ఒక్కడూ పనికిరాడా పిన్నీ?" అంది టెగన్.

"చేపలు బాగున్నాయి. అమ్ముతారేమో కనుక్కో" అన్నాను.

"నువ్వు నయం. మా వయసు వాళ్లు ప్రేమ అనే మాటే ఎత్తరు. ఏడాది తిరిగినా 'మాట్లాడుకుంటున్నాం' అంటారంతే. ఏం మాట్లాడుకుంటున్నారో దేవుడికే తెలియాలి."

తొమ్మిదో మనిషి పేరు వారిక్. కడీనా దగ్గర గోధుమ గోదాముల్లో లారీలు తూచే కాటా మీద పని. ఫొటోలో చేప లేదు, నవ్వూ లేదు, వెనకాల కాటా ఉంది. మొదటి మెసేజ్‌లో నమస్కారం కూడా పెట్టకుండా "ఫొటోలో మీ చేతిలో ఉన్న ఆ నల్ల బంతి ఏంటండీ?" అని అడిగాడు. బౌల్స్ బంతి అని చెప్పాను. మా క్లబ్బు పచ్చిక మీద ఆడే ఆట అది. దూరంగా ఒక చిన్న తెల్ల బంతిని ఉంచుతారు. ఈ బంతుల్ని దాని దగ్గరికి దొర్లించాలి, ఎవరిది దగ్గరగా ఆగితే వాళ్లకి పాయింటు. బంతి తిన్నగా మాత్రం పోదు, ఒక పక్కకి వాలి తిరుగుతుంది. "మరి గురి ఎలా కుదురుతుందండీ?" అని రాశాడు. మూడు వారాలు రాసుకున్నాం. అతని మెసేజ్ వస్తే నాకు బాగుండేది. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఒక మనిషి నచ్చినంత మాత్రాన అప్పటిదాకా నాకేదో కొరత ఉన్నట్టు కాదు. ఈ సంగతి మా అక్క బుర్రకి ఎక్కదు.

"ఏమే, ఎప్పుడు కలుస్తున్నావు?" అని రోజూ ఫోను. "నీకొక తోడు దొరికితే నా గుండె మీది బరువు దిగుతుంది."

"నీ గుండె బరువు దింపడానికి నేను మొగుణ్ణి తెచ్చుకోవాలా?"

మాటా మాటా పెరిగింది. అక్కడే నేను నోరు జారాను. క్లబ్బులో ఈ ఏడాది సింగిల్స్ ఫైనల్‌కి వచ్చాను. సింగిల్స్ అంటే ఒకరితో ఒకరు ఆడే పోటీ. "చూడక్కా, శనివారం గెలిచానా, క్రిస్మస్‌కి నాకు పెద్ద బల్ల దగ్గర కుర్చీ వెయ్యాలి. తోడు మాట మళ్లీ ఎత్తకూడదు. ఓడిపోతే ఏడాది పాటు ఈ యాప్ ఫోన్‌లోంచి తీసెయ్యను, నువ్వు చూపించిన వాడితో భోజనానికి వెళ్తాను, నోరు మూసుకుని ఆ మడత కుర్చీలోనే కూర్చుంటాను" అన్నాను.

"మాటంటే మాటే" అంది అక్క. ఆ గొంతులో సంతోషం విని నాకు తిక్క రేగింది.

అదే ఊపులో వారిక్‌కి ఒక మెసేజ్ కొట్టాను. "శనివారం రెండింటికి మా క్లబ్బులో సింగిల్స్. వీలైతే రండి."

శనివారం ఎండ మండిపోతోంది, మాకు డిసెంబరంటే నడివేసవి. నా ప్రత్యర్థి మెర్ల్ పాస్కో. డెబ్భై నాలుగేళ్లు, ఆరేళ్ల క్రితం భర్త పోయాడు. "నలభై ఏళ్లు ఒకడికి వండిపెట్టాను, ఇప్పుడు నా రొట్టె నేను మాడ్చుకుని నేనే తింటా" అంటుంది. క్లబ్బు గుమ్మంలో నీడన మేమిద్దరం బంతులు తుడుచుకుంటున్నాం. ఇస్త్రీ చొక్కా, నిగనిగలాడే తోలు బూట్లు, చేతిలో కరిగిపోతున్న చాక్లెట్ల పెట్టెతో ఒకాయన వచ్చాడు. ఫొటోలో కంటే పొట్టి.

"ఒంటరి వాళ్ల సమావేశం ఇక్కడేనాండీ?" అని అడిగాడు.

మెర్ల్ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఇక్కడే నాయనా. ఇద్దరమే వచ్చాం. సాయంత్రానికి ఒకరు ఏడుస్తూ ఇంటికి పోతారు."

నాకు అర్థమయ్యేసరికి నవ్వు ఆగలేదు. సింగిల్స్ అంటే పెళ్లికాని వాళ్లంతా చేరి కబుర్లు చెప్పుకునే తంతు అనుకుని అరవై కిలోమీటర్లు ఎండలో వచ్చాడు మహానుభావుడు. విషయం చెబితే చెవులు ఎర్రబడ్డాయి, కానీ వెనక్కి తిరగలేదు. "అయితే కూర్చుని చూడొచ్చాండీ?" అన్నాడు.

అప్పుడే ఊళ్లో అగ్నిమాపక సైరన్ మోగింది. ఎక్కడో కోసిన చేలో నిప్పంటుకుంది. మా మగాళ్లంతా స్వచ్ఛంద దళంలో ఉన్నవాళ్లే. గ్లాసులు ఎక్కడివక్కడ వదిలి పరుగు తీశారు. వాళ్లలో మా మార్కర్ క్లెమ్ కూడా ఉన్నాడు. సింగిల్స్ ఆటకి మార్కర్ లేకపోతే కుదరదు. తెల్ల బంతి వైపు నిలబడి, ఏ బంతి ఎంత దగ్గరుందో అడిగితే చెప్పేది అతనే.

"వచ్చేవారం ఆడదామా?" అన్నాను.

"నా వయసులో వచ్చేవారం అంటే గ్యారంటీ లేదు. ఆ చాక్లెట్ల ఆయన్ని నిలబెట్టు" అంది మెర్ల్. "నీకు తెలిసినవాడేనా?"

"ఫోన్‌లోనే తెలుసు."

"అంటే తెలియదన్నట్టే. సరిపోతాడు."

వారిక్‌కి పని చెప్పాను. "మీరు ఆ చివర నిలబడాలి. మేం అడిగితేనే మాట్లాడాలి. మెచ్చుకోకూడదు, అయ్యో అనకూడదు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మడమల బూట్లతో పచ్చిక మీద కాలు పెడితే మెర్ల్ చంపేస్తుంది."

అతను కిందికి వంగి బూట్లు విప్పాడు. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. దాన్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

ఇరవై ఒక్క పాయింట్లు ముందు ఎవరికొస్తే వాళ్లది గెలుపు. రెండున్నర గంటలు ఆడాం. వరండాలో అక్క గ్లాసు పట్టుకుని, నా బంతి పక్కకి పోయినప్పుడల్లా ముందుకు వంగి చూసింది. ఆ కాసేపూ నాకు కనబడింది ఆ పచ్చిక కాదు, ఎర వాసన కొట్టే మడత కుర్చీ. ఒక బంతి మరీ పక్కకి పోయింది. దాంతో నామీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే నాలుగు పాయింట్లు లాగాను. చివరికి ఇరవై, ఇరవై.

ఆఖరి బంతులు ఆగాయి. తెల్ల బంతికి అటు మెర్ల్‌ది, ఇటు నాది. కంటికి తేడా తెలియదు.

"ఎవరిది?" అని అడిగాను.

వారిక్ మోకాళ్ల మీద కూర్చుని టేపు పట్టాడు. అటు కొలిచాడు, ఇటు కొలిచాడు, మళ్లీ అటు కొలిచాడు. తలెత్తి నా మొహం ఒకసారి చూశాడు. నాకు ఇది ఎంత ముఖ్యమో ఆట మొదలుపెట్టే ముందే అతనికి చెప్పాను, కుర్చీ కథతో సహా.

"ఆవిడది. అర సెంటీమీటరు" అన్నాడు.

ఒక్క క్షణం బంతి తీసి అతని కాలి మీద వెయ్యాలనిపించింది. చిల్లులోంచి బయటికి చూస్తున్న ఆ బొటనవేలి మీదే. తరవాత మెర్ల్ చెయ్యి పట్టుకుని ఊపాను.

అక్క అప్పటికే మెట్లు దిగి వచ్చేసింది. "మాటంటే మాటే కదే? ఎవర్నో వెతకడం ఎందుకు. ఏవండీ, మా చెల్లెల్ని భోజనానికి తీసుకెళ్తారా?"

వారిక్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "నేను మార్కర్నండీ. ఆడేవాళ్లు అడిగితేనే మాట్లాడమన్నారు."

మెర్ల్ దగ్గొచ్చేదాకా నవ్వింది. అక్క నవ్వలేదు. "సరే, వీళ్లని వదిలెయ్. నువ్వు చెప్పవే. ఓడిపోయావు కదా?"

ఆ మాటకి నాలో ఏదో తెగింది.

"ఓడిపోయాను. ఏడాది పాటు యాప్ ఉంచుతాను. నువ్వు ఎవర్ని చూపిస్తే వాళ్లతో వెళ్లి ఓ పూట తిని వస్తాను. కానీ అక్కా, బావ ఏ పోటీలో గెలిచి ఆ పెద్ద బల్ల దగ్గర కూర్చుంటున్నాడు?"

"ఏం మాట్లాడుతున్నావే?"

"టెగన్ తెచ్చిన ఆ కుర్రాడు ఏం గెలిచాడు? వాళ్లందరికీ ఊరికే వేసిన కుర్చీ కోసం నేను మాత్రం ఎండలో రెండున్నర గంటలు ఆడాలా? దాన్ని పందెంలో పెట్టడమే నా బుద్ధితక్కువ. నా కుర్చీ నాది. వెనక్కి తీసుకుంటున్నాను."

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు బాత్‌రూమ్‌లో జారిపడితే ఎవరు చూస్తారే? రాత్రిళ్లు నాకు నిద్ర పట్టదు."

దానికి మాత్రం నాకు కోపం రాలేదు. "పడితే నీకే ఫోన్ చేస్తాను. నీ భయానికి మొగుడు మందు కాదక్కా. రోజూ పొద్దున్నే ఓ ఫోన్ చెయ్యి, చాలు. తోడు గురించి కాకుండా ఇంకేదన్నా మాట్లాడు."

అక్క ముక్కు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్లిపోయింది. నేను వారిక్ వైపు తిరిగాను.

"మార్కర్ గారూ, ఒక ప్రశ్న. నాదే దగ్గరని చెప్పి ఉండొచ్చు కదా?"

"చెప్పొచ్చండీ. పాతికేళ్లుగా కాటా మీద అందరూ అదే అడుగుతారు."

"వచ్చే శనివారం మెర్ల్‌తో మళ్లీ ఆడుతున్నాను. మడమలు లేని బూట్లు కొనుక్కోండి" అన్నాను. చాక్లెట్లు ముగ్గురం స్పూన్లతో తిన్నాం.

క్రిస్మస్ రోజు నా వంటింటి కుర్చీని కారు వెనకసీట్లో వేసుకుని అక్క ఇంటికి వెళ్లాను. పెద్ద బల్ల నిండిపోయి ఉంది. ఈసారి ఒక జంట తగ్గిందని అక్క పక్కింటి మొగుడూ పెళ్లాల్ని పిలిచింది. పిల్లల బల్ల దగ్గర రెండు మడత కుర్చీలున్నాయి. ఒకదాంట్లో టెగన్ తల వంచుకుని కూర్చుంది.

"ఇక్కడ చోటు లేదు కదా నెరిడా" అన్నాడు బావ.

"జరగండి బావా."

ముందు ఎవరూ కదల్లేదు. నేను కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాను. పక్కింటాయన ముందు జరిగాడు, తరవాత అందరూ జరిగారు.

"టెగన్, నీ కుర్చీ కూడా ఇటు లాక్కురా" అన్నాను. అది పరుగున వచ్చింది.

అక్క నా వెనక గుమ్మం వైపు చూసింది. "అతను రాలేదా?"

"పిలవలేదు. వాళ్ల అమ్మాయి ఇంటికి వెళ్లాడు."

"మరి ఒక్కదానివే..."

"ఒక్కదాన్నే అక్కా. కుర్చీ కూడా ఒక్కటే తెచ్చుకున్నాను. ఆ రొయ్యలు ఇటివ్వు, ఈసారి నాకోసం ఒలుచుకుంటాను."