ఎత్తని పోగులు

రాజాంబాళ్ కంచాన్ని సగం చుట్టు తిప్పింది. తన ముందున్నది ఖాళీ కంచమే అనుకుని వేళ్ళు నాకుతున్న వరదప్ప ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది.

“ఇదో, ఇంకా రెండు ఇడ్లీలు మొలిచినాయి! ఇది మామూలు కంచం కాదే. మా తాత వేలూరు కోట కందకంలో మొసలితో కుస్తీ పట్టి గెల్చుకున్నాడు.”

“పోయిన వారం ఆ మొసలి చెంబు ఇచ్చిందంటివి గదా.”

“చెంబిచ్చింది మొగ మొసలి. కంచం ఆడదానిది.”

ఆయన మూతికి ఎడమపక్క అంటుకున్న పచ్చడిని ఆమె కొంగుతో తుడిచింది. వరదప్ప పొడవాటి మనిషి. నలభై ఏళ్ళు గుంటమగ్గంలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నందుకు నడుము వంగింది, కుడి భుజం లావెక్కింది. పొద్దున తనే గీసుకున్న కుడిచెంప నున్నగా ఉంది. ఎడమచెంప మీద మాత్రం నెరిసిన గడ్డం నాలుగు రోజులది అలాగే ఉంది. అద్దంలో చూసుకుని “మాప్పిళ్ళై మాదిరి ఉండాను” అని కొత్త పెళ్ళికొడుకులా మురిసిపోయాడు కూడా.

ఐదు నెలల కిందట ఆయన మెదడులో ఒక నరం మూసుకుపోయింది. నోటికి ఏమీ కాలేదు. అబద్ధాలు మునుపటికన్నా పదునెక్కాయి. పోయింది ఎడమపక్క. ఆ చెయ్యీ కాలూ పడిపోవడం ఒక ఎత్తు. కంటికి చూపూ చెవికి వినికిడీ ఉండి కూడా, ఎడమవైపు ఒక లోకం ఉందని ఆయనకు తోచకపోవడం ఇంకొక ఎత్తు. దీని పేరు నెగ్లెక్ట్ అన్నాడు వేలూరు డాక్టరు. ఎడమపక్కనే కూర్చోండి, అటునుంచే పిలవండి, ఎప్పుడో ఒకనాడు తిరుగుతాడు అని చెప్పాడు. అప్పటినుంచి రాజాంబాళ్ ఎడమపక్కనే కూర్చుంటోంది. ఆమె అటునుంచి పిలిస్తే ఆయన కుడివైపు తిరిగి, గోడకున్న క్యాలెండరుకు మర్యాదగా జవాబు చెబుతున్నాడు.

పక్కింటి చెంగమ్మకు ఆయన్ని అప్పగించి, ఆమె ఏడు గంటల బస్సు పట్టుకుంది.

వేలూరులో ఆస్పత్రి ఎదుటి సందుల్లో మనుషులకన్నా లాడ్జీలు ఎక్కువ. బంగాళం నుంచి, ఇంకా అవతలి నుంచి జబ్బులు మోసుకొచ్చిన వాళ్ళు నెలల తరబడి అక్కడే వండుకుని తింటారు. అలాంటి ఒక లాడ్జీలో రాజాంబాళ్ దుప్పట్లు ఉతికి మడుస్తుంది. పదిహేనేళ్ళుగా ఆమె మడిచిన దుప్పట్లు వరసగా పరిస్తే, వాళ్ళంతా రైలు ఎక్కకుండా వాటిమీదే నడిచి ఇంటికి పోవచ్చు. మనిషి సన్నం. సోడాకారానికి వేళ్ళ కొసలు తెల్లబడి ముడతలు పడ్డాయి. ఆమె పని చేస్తున్నట్టు ఎవరికీ కనబడదు. పని అయిపోయినట్టు మాత్రం కనబడుతుంది.

డాక్టరు చెప్పకముందే ఆ ఇంగ్లీషు మాట ఆమెకు తెలుసు. చిన్నాయనా చిన్నమ్మా పోయాక వాళ్ళ పిల్లల్ని ఆమె చేర్చిన హాస్టలు బోర్డు మీద ఆ మాట ఉండేది. ఎవరూ పట్టించుకోని పిల్లలు ఉండే చోటు అని దాన్ని చదివి చెప్పినాయన, ఆమె ముఖంలోకి అదోలా చూశాడు. తరవాత లాడ్జీలో ఒక దుప్పటి మీద మరక మిగిలితే, మేనేజరు అదే మాటను కొంచెం సాగదీసి నెగ్లిజెన్స్ అన్నాడు. ఆ పూటంతా ఆమెను గేటు దగ్గర నిలబెట్టాడు. ఆ మాట ఎప్పుడు వచ్చినా ఒక వేలు చూపుకుంటూనే వచ్చింది. అందుకే డాక్టరు మొగుణ్ణి చూస్తూ ఆ మాట అన్నా, తల వంచుకున్నది ఆమె.

పది గంటలకు డానియల్ వచ్చాడు. తొరపాడి కుర్రవాడు. లాడ్జీల్లో దిగిన రోగులకు కాళ్ళూ చేతులూ ఆడించే వ్యాయామం చేయిస్తాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గాని ఒక్క తెలుగు అక్షరం చదవలేడు. ఆమె అతణ్ణి మెట్ల దగ్గర ఆపింది.

“డానియల్ నాయనా, ఒక మాట అడగల్ల. మా ఆయన జబ్బు పేరు ఉండాదే, అది తిట్టే మాట గదా? జబ్బుకి ఆ పేరు ఎవురు పెట్టినారు?”

“మా కాలేజీ మేడం చెప్పింది ఇది.” అతను దుప్పట్ల మూట మీద చతికిలబడ్డాడు. “ఆ మాట లాటిన్‌లో పుట్టినాది. మొదట్లో దానికి ఎత్తుకోకపోవడం అనే అర్థమంట. కింద పడి ఉండేదాన్ని ఏరుకోకుండా పోతామే, అది. పోను పోను, చెయ్యాల్సింది చెయ్యలేదు, నీదే తప్పు అనేదానికి వాడినారు. ఇంగ్లీషోళ్ళకి అది ఆ అర్థంతోనే వచ్చినాది. కోర్టోళ్ళు గట్టిగా పట్టుకున్నారు.”

“మళ్ళా జబ్బుకి యాడ నించి వచ్చె?”

“అది మొన్నమొన్న. డాక్టర్లు తెచ్చి పెట్టినారు. ఈ జబ్బులో ఎవురి తప్పూ లేదుమా. మాట మళ్ళా పుట్టింటికి పోయిందనుకో. మీ ఆయన ఎడమపక్క ఉండేదాన్ని ఎత్తుకోడు, అంతే.”

“తెగిన పోగుని ఎత్తుకోనట్ల,” అంది రాజాంబాళ్. నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

“కరెక్టు! మగ్గం ఇంటి మనిషివి, మా మేడం కంటే బాగా చెప్తివి.”

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది.

“చూసి కూడా ఎత్తుకోకపోతే, నాయనా?”

“అప్పుడు కోర్టోళ్ళ అర్థమే!” నవ్వుతూ లేచి అతను మేడ మీదికి పోయాడు.

ఐదు నెలల కిందట, అరవ మాసి నెలలో, జబ్బు పడిన ఆ పొద్దున, ఆమె డబ్బాలో సద్దన్నం కట్టుకుంటూ మగ్గం వైపు చూసింది. నేత పడుతున్న లుంగీకి ఎడమ అంచు పక్కన ఏడెనిమిది పోగులు తెగి వేలాడుతున్నాయి. తెగిన పోగును ఎత్తి ముడి వెయ్యకుండా అడ్డపోగు నాడె విసరడం వాళ్ళుండే గుడియాత్తం మగ్గాల వీధిలో పాలు తాగే పిల్లకు కూడా తెలిసిన తప్పు. గుడ్డలో రెండు జానల పొడుగున, పన్ను ఊడినట్టు సందు పడింది. వరదప్ప పాట పాడుకుంటూ నేస్తూనే ఉన్నాడు.

“కండ్లు యాడ పెట్టినావు? పోగులు తెగినాయి. నూలిచ్చిన మేస్త్రీ చూస్తే గుడ్డ మూతిన కొడతాడు.”

ఆయన గుడ్డను చూశాడు. “యాడ తెగినాది? నున్నగా ఉండాది గదమే.”

ముప్పై ఏళ్ళుగా వింటున్న అబద్ధాల్లో అదొకటి అనుకుంది. కళ్ళ ముందున్నదాన్ని లేదనడం ఆయనకు సరదా. ఒకసారి వాన పడుతుంటే గొడుగు కింద నిలబడి వానే లేదని వాదించాడు. “నీ మొసలికి చూపించు పో,” అని బస్సుకు పరుగెత్తింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి మగ్గం గుంటలో ఒరిగి ఉన్నాడు.

ఎప్పుడు మొదలైంది, పొద్దున ఏమైనా తేడా కనిపించిందా అని డాక్టరు అడిగాడు. “పొద్దున బాగుండాడు,” అంది రాజాంబాళ్. ముందే తెచ్చి ఉంటే మందుకు లొంగేదేమో అన్నాడాయన, ఎవరినీ ఏమీ అనకుండా. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే ఆమె ఆ గుడ్డ కోసి పొయ్యిలో పెట్టింది. చెంగమ్మ వచ్చి ఏమి ఈ కాలిన వాసన అంటే, పాలు పొంగినాయి అంది. అబద్ధం ఆడటం అంత సులువని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మొగుడి అబద్ధాలకు వీధంతా నవ్వింది. తన అబద్ధాలు ఎవరూ నవ్వని రకం.

డానియల్ పోయాక, ఒంట్లో బాగాలేదని మేనేజరుకు చెప్పి ఆమె మధ్యాహ్నం బస్సెక్కింది. దారి పొడుగునా ఒకటే అనుకుంది: ఈ పొద్దు చెప్పేయాలి. చెప్పకుండా ఇంకొక కంచం తిప్పలేను.

వరదప్ప వాకిట్లో కుర్చీలో ఉన్నాడు. ఏనుగు ఒకటి తన దగ్గర లుంగీ అరువు తీసుకుని కట్టుకుపోయిన వైనం చెంగమ్మకు చెబుతున్నాడు. రాజాంబాళ్ రావడంతో చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ తన ఇంటికి వెళ్ళింది.

రాజాంబాళ్ ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎడమపక్క కూర్చుంది. రోజూ అయితే గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. ఈరోజు చెయ్యి చాచలేదు. కళ్ళలోకి చూసి చెప్పే ధైర్యం లేదు. డాక్టరు చెప్పిన చోటే కదా కూర్చున్నాను అనుకుంది గాని, అది దాక్కునే చోటని తనకు తెలుసు.

“ఆ పొద్దు నేను చూసినాను,” అంది నేలను చూస్తూ. “ఎడమ అంచు పక్క పోగులు తెగినాయి. నువ్వు ఎత్తలే. నువ్వు ఎన్నటికీ అట్ల చేసే మనిషివి కాదు. నాకు అనుమానం వచ్చింది, నిజంగా వచ్చింది. అయినా బస్సు పోతుందని పోయినాను. డాక్టరు అడిగితే బాగుండాడని చెప్పినాను. నువ్వు ఎత్తకపోయింది జబ్బు. నేను ఎత్తకపోయింది…”

మిగతాది ఏడుపైంది.

వరదప్ప కుడివైపు తిరిగి, తలుపు లోపలికి కేకేశాడు.

“రాజాంబా! ఇంట్లో ఉండావా? ఈడ ఎవురో ఆడమనిషి ఏడస్తా ఉండాది. పావం, గొంతు ఎండిపోయి ఉంటుంది. రవ్వన్ని నీళ్ళియ్యి.”

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

“ఆయమ్మ మొగుడు పెద్ద అబద్ధాలకోరంట,” అన్నాడు ఖాళీ వాకిలితో, ఇంకొక కథ మొదలుపెడుతున్నట్టు. “అట్లాంటోడు గుడ్డ బాగుండాది అంటే ఎవురు మాత్రం నిజం కనుక్కుంటారు? ఏడవద్దని చెప్పు ఆయమ్మకి.”

అది కథో, తెలిసి అన్నదో ఆమె అడగలేదు. అడిగితే ఇప్పుడు ఆయన ముఖం ఎదుటికి రావాలి. లేచి, దొంగలా వెనకనుంచి చుట్టుకుని లోపలికి పోయి, కుండలో నీళ్ళు ముంచింది. ముఖం కడుక్కుంది. కుడిపక్కకు పోయి నిలబడి, ఎదురెదురుగా ఇంకొకసారి చెప్పాలని నిశ్చయించుకుంది.

వచ్చేసరికి ఆయన తల ఎడమ భుజం మీదికి వాలి ఉంది, ఖాళీ పీట వైపు. తిరిగాడో, వాలిందో ఆమెకు తెలియలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆమె కుడిపక్క నుంచి పిలిచింది. ఎడమపక్క నుంచి పిలిచింది. తరవాత చెంగమ్మను పిలిచింది.

చావు కబురుకు వీధిలో మగ్గాలు ఒక్కొక్కటిగా ఆగాయి. వచ్చినవాళ్ళు గడప బయట చెప్పులు విడిచి లోపలికి పోయారు. సాయంత్రానికి ఆ కుప్పలో ఒక జత ఒక ఓరగా మిగిలింది. వరదప్ప మళ్ళీ నడక నేర్చుకోవడానికని ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు కొన్నవి. కుడిదాని మడమ అరిగి పల్లం పడింది. ఎడమది, తొడిగిన ప్రతిసారీ మూడడుగుల్లోనే జారిపోయినది, వెల్లకిలా పడి ఉంది. దాని అడుగున అంగడివాళ్ళు అంటించిన చీటీ ఇంకా ఊడలేదు.