పదకొండు నిమిషాల విచారణ

మంత్రసాని వాల్‌బుర్గా ష్టెంగెల్ ప్రాసిక్యూటర్ గది తలుపు తట్టలేదు. తోసుకుని లోపలికి వెళ్ళి, చేతిసంచిలోంచి ఒక కార్బన్ కాపీ తీసి బల్లమీద పెట్టింది.

"చదవండి."

ప్రాసిక్యూటర్ హాగెమైస్టర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "కూర్చోండి మంత్రసానమ్మా. ఎవరికో నొప్పులొస్తున్నట్టు ఆ హడావుడేమిటి?"

"చదవండి అన్నాను."

అతను చదివాడు. అది ఆమె భర్త అలోయిస్‌కి వేసిన మరణశిక్ష తీర్పు.

ఆరేళ్ళ కిందట, రెండో ప్రపంచయుద్ధం ఆఖరి రోజుల్లో, అమెరికన్ ట్యాంకులు ఊరి పొలిమేరకు వచ్చాయని విని అలోయిస్ లొంగిపోతున్నట్టు గుర్తుగా కిటికీకి తెల్లదుప్పటి కట్టాడు. సైనిక న్యాయస్థానం ఒకటి లారీలో వచ్చి దిగింది. అతన్ని దీపస్తంభానికి ఉరితీసి, మెడలో 'నేను పిరికివాణ్ణి' అని రాసిన అట్ట తగిలించి పోయింది. తీర్పు చెప్పిన అధికారి ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

1947 చలికాలంలో, యుద్ధం తర్వాత ఆ ఊళ్ళో స్థిరపడ్డ మేజర్ ట్రాయ్‌బర్ భార్యకు వాల్‌బుర్గా పురుడు పోసి బయటికి వస్తుంటే, గుమ్మంలో మేజర్ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. "మీ ఆయన కోసం గంటసేపు బతిమాలానమ్మా. వాళ్ళు వినలేదు." ఆమె నమ్మింది. అప్పట్లో ఓడిపోయిన ప్రభుత్వంలో పనిచేసిన అధికారులంతా, తామేం చేశారో చెప్పుకోవడానికి విచారణ సంఘాల ముందు నిలబడాలి. ఇరుగుపొరుగు మంచివాడని రాసిచ్చిన కాగితాలుంటే మచ్చ పోతుంది. జనం వాటిని సబ్బుకాగితాలనేవాళ్ళు. "విన్నానంటే చెల్లదు, చూశానని రాయండి" అన్నాడు మేజర్ తరఫు వకీలు. తన భర్త ప్రాణం కోసం మేజర్ బతిమాలడం కళ్ళారా చూశానని ఆమె ప్రమాణపూర్వకంగా రాసిచ్చింది. ఉరిపడ్డవాడి పెళ్ళామే అలా రాశాక ఇంక అడిగేవాడెవడు?

ఈ సోమవారం ఆ మేజర్ జిల్లా పోలీసు అధిపతిగా ప్రమాణం చేయబోతున్నాడు. పేపర్లో అతని ఫోటో చూసి, ఒకప్పుడు ఆ లారీ కోర్టులో టైపిస్టుగా ఉండి ఇప్పుడు స్టేషను దగ్గర పొగాకు అమ్ముకుంటున్న మనిషి నిన్న ఆమె ఇంటికొచ్చాడు. ఇన్నాళ్ళూ దాచిన కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. తీర్పు కింద, కోర్టు అధ్యక్షుడు అన్నచోట ఎగ్‌బెర్ట్ ట్రాయ్‌బర్ సంతకం ఉంది.

హాగెమైస్టర్ కాగితం వెనక్కి నెట్టాడు. "ఆనాటి చట్టం ప్రకారం అదీ కోర్టే. తీర్పు తీర్పే. ఇందులో నేరమేముంది?"

"కోర్టా? విచారణ మొదలు నాలుగూ పది. తీర్పు నాలుగూ ఇరవై ఒకటి. బిడ్డ బొడ్డు కొయ్యడానికి కూడా నేనంత తొందరపడనయ్యా!"

అతను టెలిఫోన్ ఎత్తి మేజర్‌ని పిలిచాడు. ఎదురు భవనంలోంచి మేజర్ రావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బూడిదరంగు కొత్త సూటు, మెరిసే బూట్లు.

"ఏమిటమ్మా ఇది? మా చిన్నవాణ్ణి మీ చేతులతో తీశారు. మనలో మనకి గొడవలేమిటి?"

"వాడి తప్పేం లేదు, తీశాను. గంటసేపు బతిమాలానన్నావు. ఎవర్ని బతిమాలావు? అద్దంలో చూసుకుని నిన్ను నువ్వే బతిమాలుకున్నావా?"

మేజర్ మొహం బిగుసుకుంది. "ఆదేశాలు అలా ఉండేవి. నేను కాకపోతే ఇంకొకడు చేసేవాడు."

"చేసింది నువ్వు!"

"గొంతు తగ్గించండి" అన్నాడు హాగెమైస్టర్. బీరువాలోంచి ఒక ఫైలు తీసి తెరిచాడు. "మేజర్ గారి నియామకానికి ఆధారం ఇదిగో, మీ వాంగ్మూలం. కళ్ళారా చూశానని మీరే రాశారు. ఇప్పుడేమంటారు?"

"అబద్ధం రాశాను."

హాగెమైస్టర్ నవ్వాడు. "అయితే ఈ గదిలో నేరస్తురాలు మీరొక్కరే. తప్పుడు ప్రమాణానికి మూడేళ్ళ దాకా జైలు. మంత్రసాని లైసెన్సు పోతుంది. పోయి పురుళ్ళు పోసుకోండి తల్లీ. నేనేమీ విన్లేదనుకుంటాను."

మేజర్ తలుపు తెరిచి పట్టుకున్నాడు, మర్యాదగా.

వాల్‌బుర్గా కదల్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ చేతులకు వచ్చింది ఒక్కటే పని. అది పోతే ఏం తినాలో ఆమెకు తెలియదు. కానీ ఈ ఇద్దరూ ఆమె అబద్ధం మీద కూర్చుని, ఆమెకే దారి చూపిస్తున్నారు.

"రాసుకోండి" అంది.

"ఏమిటి?"

"నా మీద కేసు. రాసిచ్చి ఇంకా ఐదేళ్ళు నిండలేదు, గడువుంది. రాత్రి ఊళ్ళో ఇంకో వకీలుని లేపి అడిగాను. నేరం చేశానని మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే ప్రాసిక్యూటర్ రాసుకోకపోతే అతని ఉద్యోగమే పోతుందట. మీ చట్టమే కదా, చట్టమంటే మీకు ప్రాణం కదా!"

హాగెమైస్టర్ నవ్వు ఆగిపోయింది. మేజర్ తలుపు వదిలేశాడు.

"ఈవిడకి మతిపోయింది. బయటికి పంపెయ్యండి" అన్నాడు.

"పంపండి. ఇదే మాట కింద హాల్లో జనం ముందు అరిచి చెబుతాను. ఎంతమంది రాసుకుంటారో చూద్దాం."

ఆధారంగా పెట్టుకున్న వాంగ్మూలమే కేసులో పడితే, అది తేలేదాకా నియామకం ఆగాలి. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. నెలలు ఆగుతుందో, ఏడాదో. ఆ తర్వాత ఇంకో హాగెమైస్టర్ ఇంకో దారి వెతుకుతాడని కూడా ఆమెకు తెలుసు. ప్రస్తుతానికి సోమవారం ఆగితే చాలు.

"సోమవారం మాత్రం..." అన్నాడు మేజర్.

హాగెమైస్టర్ అతనివైపు చూడలేదు. టైపు మిషన్‌లో కాగితం ఎక్కించాడు.

"పేరు?"

ఆమె చెప్పింది.

"వృత్తి?"

"మంత్రసాని. మీరు పీకేసేదాకా."

"రాసింది అబద్ధమని రుజువు చెయ్యడానికి సాక్షులెవరైనా ఉన్నారా?"

"ఒక్కడున్నాడు. ఆ పదకొండు నిమిషాలూ ఏం జరిగిందో కోర్టులో నిలబడి చెప్పాలి." వాల్‌బుర్గా కుర్చీ లాక్కుని మేజర్‌కి ఎదురుగా కూర్చుంది. "రాయండి. ఎగ్‌బెర్ట్ ట్రాయ్‌బర్."