సిస్టమ్ ఫైల్ దొరకలేదు

అన్నయ్యకి ఇంట్లో కాలు నిలవడం లేదు. అద్దాలు కోసే పనిలో పలక జారి కుడి అరచెయ్యి తెగింది. ఆపరేషన్ అయింది, కట్టూ విప్పారు, బొటనవేలు మాత్రం మొరాయిస్తోంది. పిసకమని ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతిని సోఫా కిందికి విసిరేసి, హాల్లోంచి బాల్కనీలోకీ బాల్కనీలోంచి హాల్లోకీ పచార్లు చేస్తూ, ఎదురొచ్చినవాళ్ళ మీదల్లా విరుచుకుపడుతున్నాడు.

"మీ అన్నయ్యకి నువ్వన్నా చెప్పు. నా మాట చెవికెక్కట్లేదు," అంది వదిన.

చెల్లెలికి నచ్చజెప్పడం చేతకాదు. ఊరికే కూర్చోవడం అంతకన్నా చేతకాదు. చిన్నప్పుడు అన్నయ్యా తనూ జుట్లు పట్టుకుని మరీ ఆడిన కార్ల రేసు గుర్తొచ్చింది. ఆ ఆటలో కష్టమంతా బొటనవేళ్ళదే.

అటక మీది పాత గేమ్ కన్సోల్ దింపింది. లైటు వెలిగింది గానీ డిస్కు తిరగలేదు. సరే, డిస్కులోని ఆటని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎమ్యులేటర్ వేసింది. పాత కన్సోల్ వేషం కట్టే సాఫ్ట్‌వేర్ అది. తెరవగానే "సిస్టమ్ ఫైల్ దొరకలేదు" అంది.

కన్సోల్ ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నిద్రలేచే చిన్న ప్రోగ్రామే ఆ ఫైల్; బయోస్ అంటారు. అది లేకపోతే ఎంత గొప్ప ఆటయినా కదలదు. నెట్‌లో ఎవరో పెట్టినది దించబోతే యాంటీవైరస్ గగ్గోలు పెట్టింది. ఇంకొకటి వేరే మోడల్‌ది. ఎమ్యులేటర్ దాన్ని దగ్గరికే రానివ్వలేదు. ఇంట్లో మన పెట్టె ఉండగా ఊరి మీద పడటం దేనికని, ఆఫీసులో ఇదే పిచ్చి ఉన్న ఒకావిడ దగ్గర్నుంచి, అందుకు పనికొచ్చే ప్రోగ్రామ్ ఎక్కించిన ఓ మెమరీ కార్డు అడిగి తెచ్చింది. దాన్ని తగిలిస్తే కన్సోల్ తన బయోస్‌ని తనే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇస్తుంది.

ఇచ్చింది. ఆమె దాన్ని ఎమ్యులేటర్ ఫోల్డర్‌లో పెట్టింది. మళ్ళీ అదే పాట.

"కళ్ళెదురుగా పెట్టానుగా, కనబడి చావట్లేదా?" అని తెరని తిట్టింది. లేచి నీళ్ళు తాగింది. కూర్చుంది. మళ్ళీ లేచింది.

"ఏంటే ఆ గొణుగుడు?" బాల్కనీలోంచి అన్నయ్య.

"నీకెందుకు, నువ్వు తిరుగు."

తీరా చూస్తే తేడా పేరులో ఉంది. ఎమ్యులేటర్ చిన్న అక్షరాల్లో అడుగుతుంటే ఫైల్ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. మార్చింది. తెర నల్లబడింది. అంతలో, దూరంగా గంట కొట్టినట్టు, ఆ పాత ఆరంభ సంగీతం గదంతా పరుచుకుంది.

బాల్కనీలో అడుగుల చప్పుడు ఆగింది.

"అది మనదేనా?" గుమ్మంలో నిలబడి అడిగాడు.

"మనదే. మన పెట్టెలోంచి లాగిందే. రా."

ల్యాప్‌టాప్‌కి తగిలించిన రెండు కంట్రోలర్లలో ఒకటి అందుకున్నాడు. బొటనవేలు బటన్ మీద ఆనింది గానీ, నొక్కలేకపోయింది. అతని కారు పాక్కుంటూ పోయి గోడను గుద్దింది. రెండో రేసూ అంతే. అతని దవడ బిగుసుకోవడం చూసి, తర్వాతి రేసులో ఆమె చివరి మలుపు దగ్గర మెల్లగా బ్రేకు వేసింది. గెలిచాడు.

కంట్రోలర్‌ని సోఫా మీదికి గిరాటేశాడు. "పుట్టి బుద్ధెరిగాక ఆ మలుపులో నువ్వు బ్రేకు వేశావా ఎప్పుడైనా? నాకు ముష్టి వేస్తున్నావా?"

ఆమె మొహం ఇంత చిన్నదైంది. "ఏడుస్తావేమోనని..."

వంటింట్లో వదిన కిసుక్కున నవ్వింది.

"ఏడిస్తే ఏడుస్తాను. నువ్వు సరిగ్గా ఆడు."

సరిగ్గా ఆడింది. కనికరం లేకుండా ఓడించింది. అతను పళ్ళు బిగించాడు, నుదుటికి చెమట పట్టింది, తిట్టడం మొదలుపెట్టాడు. ఓ రేసులో ఉన్నట్టుండి బొటనవేలు బటన్‌ని పూర్తిగా నొక్కింది. కారు ఒక్క ఊపున ఆమె కారును దాటి మలుపు తిరిగింది. తర్వాతి మలుపులోనే మళ్ళీ గోడ.

"ఇక చాలు, చెయ్యి వాస్తుంది," అంటూ వదిన వచ్చింది.

"ఇంకొక్కటి," అన్నాడు. వదిన వద్దంటున్నా వినకుండా చెల్లెల్ని మోచేత్తో పొడిచి, "ఎర్ర కారు నాకిచ్చెయ్యి. నువ్వు పచ్చది తీసుకో," అన్నాడు.

"చచ్చినా ఇవ్వను," అంది చెల్లెలు.